మనిషి కంటే ముందు బండి
ఆచార్య సూరి భగవంతం స్మారక ఉపన్యాసం, సిద్దిపేట



ఆచార్య సూరి భగవంతం గారి పేరున మాట్లాడే అవకాశం రావడం నాకు గౌరవం. ఆయన 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకున్నారు. 1928లో, అంటే రామన్ ప్రభావం లోకానికి తెలిసిన ఏడాదే, కలకత్తా వెళ్లి సర్ సి.వి. రామన్ దగ్గర పరిశోధనలో చేరారు. కాంతి కణానికి స్పిన్ ఉంటుందని గురుశిష్యులిద్దరూ ప్రయోగం చేసి చూపించారు. తర్వాత ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం బోధించారు. కాంతి పరిక్షేపణం మీద, రామన్ ప్రభావం మీద ఆయన రాసిన గ్రంథం 1940లో అక్కడి నుంచే వెలువడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్‌గా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. 1989లో కన్నుమూశారు.

కాంతి ఏదైనా పదార్థాన్ని తాకి చెదిరిందంటే, చెదిరిన వెలుగులో ఆ పదార్థం ఆనవాలు ఉంటుంది. భగవంతం గారు ఏళ్ల తరబడి పరిశోధించింది ఈ విషయాన్నే. ఈ రోజు నేను మాట్లాడబోయే చిన్న బండిలో దుమ్మును కొలిచే పరికరం కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. అందుకే ఆయన పేరిట జరిగే సభకు ఈ విషయాన్ని ఎంచుకున్నాను.

నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. గాలి మంచిది కాదని అనుమానం ఉన్న చోటికి మనిషి కంటే ముందు కొలిచే బండి వెళ్లాలి. ఆ బండి తెచ్చిన అంకెకు జవాబు చెప్పే మనిషి ఉండాలి. ఈ రెండూ కలిసి ఉంటేనే ప్రయోజనం. ఈ మాటను ఆరు మెట్లలో మీ ముందు పెడతాను.

1. ముక్కును నమ్ముకుంటే చాలదు

గాలి బాగాలేదని మనకు వాసన చెబుతుందని అనుకుంటాం. చాలా సందర్భాల్లో చెబుతుంది కూడా. కానీ ప్రాణం తీసే వాయువుల దగ్గర ముక్కు మనల్ని మోసం చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. మ్యాన్‌హోళ్లలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. గాలిలో దాని వంతు పది లక్షల భాగాలకు 100 దాకా చేరితే వాసన పట్టే నరాలే మొద్దుబారిపోతాయి. లోపలికి దిగిన మనిషి కంపు పోయిందనుకుంటాడు. పోయింది కంపు కాదు, కంపును పసిగట్టే శక్తి. మోతాదు ఇంకా పెరిగితే క్షణాల్లో కూలిపోతాడు. అతన్ని పైకి లాగడానికి దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా అక్కడే పడిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. దాని వెనుక సఫాయి కర్మచారి ఆందోళన్ సాగించిన సుదీర్ఘ పోరాటం ఉంది. ఆ ఉద్యమాన్ని నడిపించిన బెజవాడ విల్సన్ గారు మన తెలుగు కుటుంబంలో, కోలారు బంగారు గనుల ఊరిలో పుట్టినవారు. మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పరిహారం చనిపోయాక ఇచ్చేది. మనకు కావలసింది చనిపోకముందు చేసే పని.

ఆ పని తెలంగాణకు కొత్తది కాదు. సింగరేణి గనుల్లో షిఫ్టు మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ పని జాగాకు వెళ్లి గ్యాసు చూసి రావాలి. పాత రోజుల్లో అతని చేతిలో సేఫ్టీ ల్యాంపు ఉండేది. మీథేన్ ఉంటే దాని మంట చుట్టూ లేత నీలి టోపీ కనిపిస్తుంది. ఆక్సిజన్ తగ్గితే మంట కుంగిపోతుంది. సర్దార్ చూసి సరేనన్నాకే మిగతావాళ్లు లోపలికి వెళ్తారు. ముందు గాలిని చూడాలి, తర్వాత మనిషి దిగాలి. గనిలో చట్టమైన ఈ పద్ధతి గని బయట ఇంకా అలవాటు కాలేదు. ఆ సర్దార్ కూడా మనిషే. అతని స్థానంలో యంత్రాన్ని ముందు పంపగలిగే రోజు ఇప్పుడు వచ్చింది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. 12 మంది చనిపోయారు. ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం పరుగెత్తుతూనే రోడ్ల మీద పడిపోయారు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు. అది నేలను అంటిపెట్టుకుని పల్లంలోకి పారుతుంది. అలాంటి వేళ ఏ వీధి ప్రమాదంలో ఉంది, ఏ వీధి గుండా జనాన్ని తరలించవచ్చు అన్నది నేల మట్టాన కొలిచి చెప్పాలి. ఆ కొలత కోసం మరో మనిషిని పంపడం న్యాయం కాదు.

2. ఒకే చోట నిలిచిన యంత్రం ఎంత చెబుతుంది

కాలుష్య నియంత్రణ మండళ్లు నగరాల్లో గాలిని నిరంతరం కొలిచే కేంద్రాలు నడుపుతున్నాయి. ఒక్కో కేంద్రానికి కోటి రూపాయలకు పైగా ఖర్చవుతుంది. ఏసీ గది, బీటా కిరణాలతో దుమ్మును తూచే యంత్రం, వాయువులకు వేర్వేరు విశ్లేషణ పరికరాలు, చూసుకునే సిబ్బంది ఉండాలి. అవి ఇచ్చే లెక్క నమ్మదగినది. మన దేశంలో పీఎం 2.5 అనే సన్నని ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు దాటకూడదని 2009 ప్రమాణాలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దును 15కు దించింది. ఈ ధూళి కణాలు తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. అందుకే ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్తాయి.

2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం జాబితాలో మన రాష్ట్రం నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డి, నల్గొండ ఉన్నాయి. సిద్దిపేట లేదు. దాన్ని బట్టి మన గాలి శుభ్రమని ఎవరైనా అంటే ఒక్క మాట గుర్తుచేయండి. ఆ జాబితా ఏళ్ల తరబడి కొలిచిన అంకెల నుంచి తయారైంది. కొలవని ఊరు అందులోకి ఎలా వస్తుంది?

గాలిని కొలిచే కేంద్రం ఉన్న నగరంలో కూడా అది చెప్పేది తన చుట్టుపక్కల సంగతి. అమెరికాలోని ఓక్లండ్‌లో గూగుల్ స్ట్రీట్ వ్యూ కార్లకు పరికరాలు బిగించి ఏడాదిపాటు అవే వీధుల్లో మళ్లీ మళ్లీ తిప్పారు. ఆ పరిశోధన 2017లో అచ్చయింది. ఒకే వీధి బ్లాకులో ఒక చివరకు, ఇంకో చివరకు కాలుష్యం ఐదు నుంచి ఎనిమిది రెట్లు తేడాగా ఉండవచ్చని అందులో తేలింది. మన హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ పరిశోధకులు గచ్చిబౌలి ప్రాంతంలో చౌక పరికరాలను దగ్గర దగ్గరగా పెట్టి చూశారు. కొద్ది దూరంలోనే ధూళి లెక్క మారిపోవడం వారికీ కనిపించింది. నగర సగటును ఎవరూ పీల్చరు. తాను నిలబడిన చోటి గాలినే ఎవరైనా పీల్చేది. ఆ చోటికి వెళ్లి కొలవాలంటే కదిలే పరికరం కావాలి.

3. బండిలో ఏముంది

ఇంజినీరింగు పిల్లలు ఈ బండిని ఎన్నోసార్లు చేసి ఉంటారు. మిగతావారి కోసం విప్పి చెబుతాను.

అడుగున అట్టంత పలుచని అక్రిలిక్ పలక. దానికి నాలుగు పసుపు రంగు ప్లాస్టిక్ గేరు మోటార్లు, నాలుగు చక్రాలు. మధ్యలో అల్యూమినియం రెక్కలున్న ఎర్రటి మోటారు డ్రైవరు బోర్డు. పక్కన ఈఎస్‌పీ 32 అనే చిన్న కంప్యూటరు. ముందు ఒక కెమెరా, వెనుక బ్యాటరీ, పైన జీపీఎస్. ఈ సరుకంతా కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో దొరుకుతుంది. నడిపేవాడు దూరంగా నిలబడి ఫోన్ తెర మీద చూస్తూ బండిని కదిలిస్తాడు.

అసలు పని చేసేది పైన బిగించిన రెండు మూడు సెన్సర్లు. ధూళి సెన్సరు అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. లోపల చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది. ఆ గాలి దారికి అడ్డంగా సన్నని లేజరు కిరణం ఉంటుంది. ధూళి కణం కిరణంలోకి రాగానే వెలుగు చెదురుతుంది. పక్కన కాచుకుని ఉన్న ఫోటోడయోడు ఆ మెరుపును పట్టుకుంటుంది. మెరుపు ఎంత బలంగా ఉందో దాన్ని బట్టి కణం పరిమాణాన్ని, మెరుపులు ఎన్ని వచ్చాయో దాన్ని బట్టి కణాల సంఖ్యను అంచనా వేస్తారు. భగవంతం గారు గురువు దగ్గర చూసిన పరిక్షేపణంలో కాంతి రంగు కూడా మారుతుంది. ఇక్కడ రంగు మారదు, దిక్కు మాత్రమే మారుతుంది. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనాలయంలో ఇదే పరిక్షేపణాన్ని ఆధారం చేసుకుని, లేజరు కిరణాన్ని ఆకాశంలోకి పంపి కిలోమీటర్ల ఎత్తున ఉన్న ధూళి పొరలను చదువుతున్నారు. అంత పెద్ద శాస్త్రం ఇంత చిన్న పెట్టెలోకి వచ్చింది.

డ్రోన్ ఉండగా బండి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. పొగ గొట్టం ఎత్తున కొలవాలంటే డ్రోనే మేలు. కానీ దాని రెక్కల గాలి కింద ఉన్న పొగను చెదరగొడుతుంది. బరువైన వాయువులు నేల మీద పరుచుకుంటాయి. చిన్నపిల్లలు ఊపిరి తీసే ఎత్తు కూడా నేలకు దగ్గరే. అక్కడ కొలవడానికి చక్రాల బండి తగినది.

మనుషులు వెళ్లలేని చోటికి ఇలాంటి యంత్రాలు వెళ్లడం ఇప్పటికే చూశాం. 2011లో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగాక భవనాల లోపల రేడియేషన్ కొలవడానికి రోబో బండ్లనే పంపారు. మన రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. మనుషులకు ప్రమాదమైన చివరి భాగంలో పని కోసం హైదరాబాద్‌కు చెందిన అన్వి రోబోటిక్స్ రోబోలను రప్పించారు. విపత్తు వచ్చాక రోబోను వెతుక్కోవడం వేరు, ముందే సిద్ధంగా ఉంచుకోవడం వేరు.

4. అంకెను నమ్మాలంటే

ఇక్కడ విద్యార్థులు కొంచెం శ్రద్ధగా వినాలి. బండి నడవడం తేలిక. అది చెప్పే అంకె నిజమవడం కష్టం.

మొదటిది, ఎంక్యూ 135 సెన్సరు. వెండి రంగు జాలీ టోపీ పెట్టుకున్న ఈ సెన్సరు లేని కాలేజీ ప్రాజెక్టు ఉండదు. లోపల వేడెక్కిన టిన్ ఆక్సైడ్ పూత ఉంటుంది. అమోనియా వచ్చినా, పొగ వచ్చినా, ఆల్కహాల్ ఆవిరి వచ్చినా దాని నిరోధం మారుతుంది. ఏదో వచ్చిందని చెబుతుంది, ఏది వచ్చిందో చెప్పదు. కొత్త సెన్సరును ఒకటి రెండు రోజులు వేడిలో ఉంచితేగానీ కుదురుకోదు. దాని అంకెను తెర మీద ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అని చూపించకండి. ఏక్యూఐ లెక్కకు కనీసం మూడు కాలుష్య కారకాల కొలత కావాలి. వాటిలో ఒకటి తప్పనిసరిగా ధూళి కావాలి. ధూళికి 24 గంటల సగటు తీయాలి. పది నిమిషాలు తిరిగి వచ్చిన బండి ఏక్యూఐ చెప్పలేదు. ఈ క్షణాన ఈ చోట ఇంత ఉందని చెప్పగలదు. అంతవరకు చెబితే అది నిజం.

రెండోది, తేమ. వానాకాలంలో, చలికాలపు తెల్లవారుజామున ధూళి కణాలు నీటిని పట్టుకుని ఉబ్బుతాయి. లేజరుకు అవి పెద్ద కణాల్లా కనిపిస్తాయి. మంచు కురిసిన పొద్దున ఊరంతా విషమైపోయిందని సెన్సరు కేక పెడుతుంది. కాబట్టి బండి మీద తేమ, ఉష్ణోగ్రత కొలిచే సెన్సరు కూడా ఉండాలి. లెక్కను దాన్ని బట్టి సరిచేయాలి.

మూడోది, బండి లేపే దుబ్బ. మట్టి బాట మీద చక్రాలు లేపిన దుమ్మును అదే పీల్చి అదే కొలుస్తుంది. గాలి తీసుకునే గొట్టాన్ని ముందుకు, ఎత్తుకు పెట్టాలి. ఆగి, దుమ్ము సద్దుమణిగాక కొలవాలి.

నాలుగోది ప్రాణానికి సంబంధించినది. మామూలు డీసీ మోటార్లలో బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు పుడతాయి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క రవ్వ చాలు, పేలుతుంది. కాలేజీలో చేసిన బండిని మ్యాన్‌హోల్‌లోకి, గ్యాసు లీకైన చోటికి పంపకండి. అక్కడికి పేలుడు నుంచి రక్షణ ఉన్న, ధ్రువీకరణ పొందిన పరికరాలే వెళ్లాలి. ఈ తేడా తెలిసిన విద్యార్థే రేపు అలాంటి పరికరం తయారు చేయగలడు.

ఈ లోపాలు చెప్పింది మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి కాదు. కిరాణా కొట్టులో తూకపు రాళ్లకు రెండేళ్లకోసారి ముద్ర వేయించినట్టే సెన్సర్లకూ సరిచూపు ఉండాలి. అందుకు మార్గం మనకు దగ్గరలోనే ఉంది. పక్క జిల్లాలో కంది ఐఐటీ దగ్గర, పటాన్‌చెరు ఇక్రిశాట్ దగ్గర ప్రామాణిక కేంద్రాలు ఉన్నాయి. అధికారుల అనుమతితో మన సెన్సర్లను వాటి పక్కన కొన్ని వారాలు పెట్టి, రెండు లెక్కలను పోల్చి, తేడాను సూత్రంగా రాసుకోవచ్చు. అదే కంది ఐఐటీలో మనిషి లేకుండా నడిచే వాహనాలను పరీక్షించే టిహాన్ కేంద్రం కూడా 2022 నుంచి ఉంది.

5. మన జిల్లాలో బండి ఎక్కడికి వెళ్లాలి

మొదట వడ్ల కొనుగోలు కేంద్రానికి. కాళేశ్వరం నీళ్లు రంగనాయకసాగర్‌కు, మల్లన్నసాగర్‌కు చేరాక మన దగ్గర వరి పెరిగింది. కోతలయ్యాక ఐకేపీ కేంద్రం దగ్గర నిలబడి చూడండి. ప్యాడీ క్లీనర్ పెద్ద ఫ్యానుతో తాలును, దుమ్మును ఎగజిమ్ముతుంటుంది. ఎదురుగా ఆడవాళ్లు ముఖానికి కొంగు చుట్టుకుని తట్టలతో వడ్లు పోస్తుంటారు. కాంటా దగ్గర హమాలీలు తలకు తువ్వాల కట్టుకుని బస్తాలు ఎత్తుతుంటారు. సాయంత్రానికి వారి కనురెప్పల మీద కూడా నూగు పేరుకుంటుంది. ఆ నూగు ఎంత, క్లీనర్‌కు ఎంత దూరంలో తగ్గుతుంది, గాలివాటు చూసి యంత్రాన్ని తిప్పి పెడితే ఎంత మేలు జరుగుతుంది? ఈ మూడు ప్రశ్నలకు బండి ఒక్క సీజన్‌లో జవాబు తెస్తుంది. ఖర్చు లేని పరిష్కారం అందులోనే ఉండవచ్చు.

తర్వాత కంకర క్రషర్ల పక్క ఊళ్లకు. రాత్రి పూట అక్కడి ఇళ్ల మీద పడేది ఎంత అన్నది కొలవాలి. కోళ్ల ఫారం షెడ్డులో అమోనియా ఎంత చేరిందో లోపలికి మనిషి వెళ్లకముందే తెలియాలి. యాసంగి కోతల తర్వాత వరి కొయ్యకాళ్లు కాల్చిన పొగ బడి దాకా ఎంత వస్తుందో తెలియాలి. ఇందులో రైతు మీద నేరం మోపే ఉద్దేశం నాకు లేదు. హార్వెస్టరు పొడవాటి మోడులు వదిలి వెళ్తుంది, నాట్లకు టైం ఉండదు, కూలి గిట్టదు. సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నితే మోడు కుళ్లి ఎరువవుతుందని వ్యవసాయాధికారులు చెబుతున్నారు. అలా చేసినవారి ఊరి గాలికి, కాల్చినవారి ఊరి గాలికి తేడా అంకెల్లో చూపిస్తే రైతు తప్పక ఆలోచిస్తాడు. మన రైతుకు లెక్క తెలుసు.

చెత్త విషయంలో సిద్దిపేట మున్సిపాలిటీ ఎంతో ముందడుగు వేసింది. తడి చెత్త, పొడి చెత్త, హానికర చెత్త అని ఇంట్లోనే విడదీసి ఇవ్వడం మన ఆడవాళ్లు ఇంటింటా అలవాటు చేశారు. అదే పట్టుదల గాలి విషయంలోనూ చూపిస్తే మన జిల్లా రాష్ట్రానికి దారి చూపుతుంది.

6. అంకెకు జవాబుదారు ఎవరు

ఇది చివరి మెట్టు. అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు కూడా.

ఎగ్జిబిషన్‌లో బహుమతి పొంది బీరువా మీద దుమ్ము పట్టిన రోబో వల్ల ఎవరి ఊపిరీ బాగుపడదు. కొలిచిన అంకె ఎవరి దగ్గరికి వెళ్తుందో ముందే రాసుకోవాలి. హద్దు దాటితే ఎన్ని రోజుల్లో ఏం చేయాలో, ఎవరు చేయాలో కూడా రాసుకోవాలి. ఊరి అంకె గ్రామసభలో చదవాలి. కొనుగోలు కేంద్రంలో కొలిచింది హమాలీలకు చెప్పాలి. క్రషర్ దగ్గర కొలిచింది కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా వెళ్లాలి.

ఇంకో మాట. యంత్రం వస్తే పేదవాడి పని పోతుందన్న భయం న్యాయమైనదే. కేరళలో 2018లో మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే బ్యాండికూట్ రోబో వచ్చినప్పుడు, అంతకుముందు మురుగులో దిగినవారికే దాన్ని నడపడం నేర్పారు. హైదరాబాద్ జలమండలి 2017లో దళిత పారిశ్రామికుల సంఘం తోడుతో మినీ జెట్టింగ్ యంత్రాలను వీధుల్లోకి తెచ్చింది. వాటి యజమానులు దళిత కుటుంబాలవారే. మనమూ అదే పాటించాలి. ఇన్నాళ్లూ ప్రాణం పణంగా పెట్టి గాలిని పరీక్షించిన మనిషి చేతికే రిమోట్ ఇవ్వాలి. ఏ మూల గ్యాసు నిలుస్తుందో, ఏ మ్యాన్‌హోల్ ఎప్పుడు తెరవకూడదో అతనికి తెలిసినంతగా ఏ ఇంజినీరుకూ తెలియదు.

మిత్రులారా, ఈ సభ నుంచి నా విన్నపాలు మూడు. జిల్లాలోని ఇంజినీరింగు, డిగ్రీ, పాలిటెక్నిక్ కాలేజీలు విడివిడిగా బొమ్మ బండ్లు చేయడం మాని, అందరూ కలిసి సరిచూసిన ఒక మంచి బండిని తయారు చేయండి. ములుగులోని అటవీ కళాశాల, ఉద్యానవన విశ్వవిద్యాలయం, సిద్దిపేట వైద్య కళాశాల ఆ పనిలో కలిసి రావాలి. పొగను కొలిచేవారు, పంటను చూసేవారు, ఊపిరితిత్తులను చూసేవారు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. మున్సిపాలిటీ, పంచాయతీలు గ్యాసు కొలవకుండా ఏ మనిషినీ మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి, పాత బావిలోకి దింపబోమని తీర్మానం చేయాలి. అలా దింపుతున్నట్టు మీ కంటపడితే, విద్యార్థులారా, ఆపండి, అధికారులకు చెప్పండి. వచ్చే యాసంగి కోతల నాటికి మొదటి కొనుగోలు కేంద్రంలో మన బండి దిగాలి. ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి. నా వంతు సాయం ఎప్పుడు అడిగినా చేస్తాను.